ఇంగ్లిష్ వెర్బ్: కాలాన్ని మోసేది మొదటి మాట

మీ ప్రశ్న సారాంశం ఇది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. పన్నెండు టెన్స్‌ల పట్టిక కంఠతా వచ్చు, రాత పరీక్షలో ఖాళీలు పూరించమంటే పూరిస్తారు. ఇంటర్వ్యూలో నోరు తెరిచేసరికి మాత్రం వెర్బ్ దగ్గరే తడబడుతున్నారు. అసలు వెర్బ్ అంటే ఏమిటో మొదట్నుంచి చెప్పమన్నారు. మీ గురించి చెప్పుకోవడానికి రాసుకున్న అయిదు వాక్యాలు కూడా పెట్టారు:

ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్.
ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2022.
ఐ యామ్ వర్కింగ్ ఇన్ ఎ మెడికల్ షాప్ సిన్స్ టూ ఇయర్స్.
డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్.
ఐ డిడ్ నాట్ వెంట్ టు ఎనీ కోచింగ్.

నేను 27 ఏళ్ళు ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పాను. ఇలాంటి వాక్యాలు కొన్ని వేల నోటుపుస్తకాల్లో దిద్ది ఉంటాను. ఇవి చదువు రానివాళ్ళు చేసే తప్పులు కావు. ఒక్కోదాని కింద నిక్షేపంలాంటి తెలుగు వాక్యం ఉంది. ఆ తెలుగు వాక్యాన్ని పైకి తీసి పక్కన పెడితే ఎక్కడ దారి మారిందో మీకే కనబడుతుంది. అందుకే ఈ జవాబంతా తెలుగు మీదుగా నడుస్తుంది. పొడవవుతుంది, ఓపికగా చదవండి.

వెర్బ్ అంటే పనిని తెలిపే మాట అని మనందరికీ చిన్నప్పుడు చెప్పారు. తప్పు కాదు, కానీ సగమే. "మా నాన్న రైతు" అన్నాం. ఇందులో క్రియ ఏది? లేదు. "ఇది మా ఇల్లు", "ఆవిడ డాక్టరు", "రేపు ఆదివారం" - తెలుగులో క్రియ లేకుండానే వాక్యం హాయిగా నిలబడుతుంది. ఇంగ్లిష్‌లో నిలబడదు. "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్" అనాల్సిందే. మరి ఆ "ఈజ్" ఏ పని చెబుతోంది? ఏ పనీ లేదు. అది ఉన్నది కాలం చెప్పడానికి. నాన్న వ్యవసాయం మానేశారనుకోండి, "ఈజ్" తీసి "వాజ్" పెడతాం, మిగతా వాక్యం కదలదు. తెలుగులోనూ గమనించండి: "మా నాన్న రైతు" అన్నప్పుడు లేని క్రియ, పాత సంగతి చెప్పాల్సి వస్తే "అప్పట్లో మా నాన్న రైతుగా ఉండేవాడు" అంటూ వచ్చి చేరుతుంది. కాలం కదిలిందంటే దాన్ని మోయడానికి ఒక మాట కావాలి. ఇంగ్లిష్‌లో ఆ మాట ఎప్పుడూ ఉండి తీరాలి, అంతే తేడా.

ఇంగ్లిష్ వెర్బ్‌కి మొదటి ఉద్యోగం కాలాన్ని మోయడం, పని చెప్పడం ఆ తర్వాత. ఈ మాట పట్టుకుంటే మీ అయిదు వాక్యాల్లో మూడు నాలుగు వాటంతటవే విడిపోతాయి.

ఇక రూపాల సంగతి. తెలుగు క్రియ ఒక్క మాటలో చాలా సర్దుతుంది. "వస్తున్నాను" అంటే వచ్చేది నేనే అనీ, ఇప్పుడే అనీ, పని నడుస్తోందనీ మూడూ తెలిసిపోతాయి. "నేను" అనక్కరలేదు. ఒకప్పుడు ఇంగ్లిష్ క్రియకు కూడా ఇలా ఎవరికి వారికి ప్రత్యయాలు ఉండేవి. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్ చదివే అలవాటున్న ఇళ్ళల్లో "హి కమెత్" లాంటి మాటలు విని ఉంటారు. కాలక్రమంలో అవన్నీ అరిగిపోయాయి. వర్తమానంలో ఒక్కటి మిగిలింది: హి, షి, ఇట్ వచ్చినప్పుడు చివర చేరే "స్". "ఐ వర్క్, యు వర్క్, దే వర్క్" కానీ "షి వర్క్స్". క్రియ చివర ఆనవాళ్ళు పోయాయి కాబట్టే ఇంగ్లిష్‌లో "ఐ", "హి", "దే" వదిలెయ్యడానికి వీల్లేదు. మాట్లాడేటప్పుడు మనవాళ్ళు "స్" మింగేయడానికి కారణం బద్ధకం కాదు. మన చెవి ప్రతి క్రియ చివరా ఏదో ఒక గుర్తు కోసం చూస్తుంది, నాలుగు చోట్ల లేకుండా ఒక్క చోట మాత్రం ఉంటే అది చెవికి ఆనదు.

మామూలు వెర్బ్‌కి అయిదు రూపాలకు మించి ఉండవు: గో, గోజ్, వెంట్, గాన్, గోయింగ్. కోచింగ్ భాషలో వి వన్, వి వన్‌కి "స్" చేరినది, వి టూ, వి త్రీ, ఐఎన్‌జీ. "పుట్" లాంటివాటికి మూడే: పుట్, పుట్స్, పుటింగ్. "బి" ఒక్కదానికే ఎనిమిది: బి, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్. తెలుగులో ఒక్క "వచ్చు" క్రియకు వచ్చాడు, వచ్చింది, వస్తే, వచ్చినా, రాకుండా, రాబోయే అంటూ రాసుకుంటూ పోతే పేజీ నిండుతుంది. అంత పెద్ద సంసారాన్ని అవలీలగా ఈదేవారికి అయిదు రూపాలు ఒక లెక్క కాదు. ఈ ధైర్యం ముందు తెచ్చుకోండి.

వి టూ, వి త్రీ కంఠతా పట్టాల్సిన క్రియలు, అంటే "డ్" చేర్చితే సరిపోనివి, రెండు వందలకు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. ఇబ్బందేమిటంటే రోజూ ఎక్కువగా వాడేవి అవే: బి, హ్యావ్, డూ, సే, గో, గెట్, మేక్, నో, థింక్, టేక్, సీ, కమ్. ఇది యాదృచ్ఛికం కాదు. తరచుగా నోట్లో ఆడే మాట తన పాత రూపాన్ని నిలబెట్టుకుంటుంది, అరుదుగా వాడేది మిగతావాటి దారిలో పడిపోతుంది. "వెంట్" నిజానికి "వెండ్" అనే మరో క్రియకు వి టూ. "గో" తాలూకు పాత వి టూ మరుగున పడిపోతే ఇది వచ్చి ఆ స్థానంలో కూర్చుంది. కొత్తగా పుట్టిన క్రియలన్నీ మాత్రం బుద్ధిగా "డ్" చేర్చుకుంటాయి: గూగుల్డ్, వాట్సాప్డ్. రెండు వందలూ ఒకేసారి బట్టీ పట్టొద్దు. పైన చెప్పిన పన్నెండింటితో పాటు గివ్, ఫైండ్, టెల్, లీవ్, రైట్, మీట్, బ్రింగ్, బై, ఈట్, స్పీక్ నోటికి వస్తే ఇంటర్వ్యూ గట్టెక్కుతుంది.

ఇక్కడ ఒక ఉచ్చారణ విషయం చెప్పి ముందుకు వెళ్తాను, దీనికి తెలుగు లిపి బంగారంలా పనికొస్తుంది. స్పెల్లింగ్‌లో చివర "ఈడీ" ఉంది కదా అని "వాకెడ్", "హెల్పెడ్", "కాలెడ్" అంటుంటారు. అక్షరాలు ఒకటే అయినా పలికేది మూడు రకాలు. వాక్ట్, హెల్ప్ట్, వాష్ట్ - ఇక్కడ "ట్". కాల్డ్, ప్లేడ్, ఓపెన్డ్ - ఇక్కడ "డ్". క్రియ చివర ముందే ట్ గానీ డ్ గానీ ఉంటే మాత్రమే "ఎడ్" అని విడిగా పలుకుతుంది: వాంటెడ్, నీడెడ్, కంప్లీటెడ్. మీ నోటుపుస్తకంలో ప్రతి వి టూ పక్కన ఇలా తెలుగులో రాసుకోండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ దాచేదాన్ని మన లిపి బయట పెడుతుంది. కళ్ళతో చదివి నేర్చుకున్న ఇంగ్లిష్‌ని చెవికి ఎక్కించడానికి ఇంతకంటే చవకైన దారి నాకు కనబడలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. "డిడ్ నాట్ వెంట్".

చాలా ఏళ్ళ కిందట తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి బోర్డు మీద "హి డిడ్ నాట్ కేమ్" అని రాసింది. దిద్దబోతుంటే అడ్డుపడింది. "నిన్న జరిగింది కద సార్, నిన్నటికి కేమ్ కదా?" అంది. ఆ ప్రశ్నలో తర్కం ఉంది. "రూల్ అంతే" అని కూర్చోబెట్టబుద్ధి కాలేదు. దాని కిందే తెలుగులో "వాడు రాలేదు" అని రాసి, "రాలేదు"ని రెండు ముక్కలు చేశాను: రా, లేదు. "ఇందులో 'వచ్చాడు' ఎక్కడన్నా ఉందా?" అని అడిగాను. లేదంది. "నిన్నటి సంగతే కదా, మరి 'వాడు వచ్చాడు లేదు' అని ఎందుకనం?" ఆ పిల్ల కాసేపు బోర్డునే చూసింది. "కాలం 'లేదు'లోనే ఉంది కద సార్, మళ్ళీ ఎందుకు" అంది. అంటూనే అరచేత్తో "కేమ్" తుడిచేసి "కమ్" రాసింది. సుద్ద అంటిన ఆ చేతిని లంగాకు తుడుచుకుంటూ వెళ్ళి కూర్చుంది. అప్పటి నుంచి ఈ పాఠం నేను ఆ అమ్మాయి చెప్పినట్టే చెబుతున్నాను.

కాలం ఒక్క మాట మీదే ఉంటుంది. "డిడ్ నాట్ కమ్"లో దాన్ని "డిడ్" మోస్తోంది. "డిడ్" అంటేనే "డూ" వి టూ. ఇక "కమ్"కి మోయాల్సిన బరువేమీ లేదు, అందుకే వట్టి రూపంలో ఉంటుంది. తెలుగులో "లేదు" మోస్తోంది కాబట్టి "రా" వట్టిగా ఉంది. రెండు భాషల్లోనూ సూత్రం ఒకటే. తేడా ఎక్కడంటే, తెలుగులో బరువు మోసే మాట చివర ఉంటుంది, ఇంగ్లిష్‌లో మొదట ఉంటుంది.

ఇది ఒక్క "డిడ్ నాట్"తో ఆగదు. ఈ రెండూ పక్కపక్కన రాసుకుని చూడండి:

వెళ్ళి ఉండ వచ్చు
మే హ్యావ్ గాన్

"వెళ్ళి"కి "గాన్", "ఉండ"కు "హ్యావ్", "వచ్చు"కు "మే". మూడు ముక్కలకూ మూడు ముక్కలు, వరస మాత్రం సరిగ్గా తలకిందులు. అద్దంలో చూసినట్టు ఉంటుంది. "వెళ్తూ ఉన్నాడు" - "ఈజ్ గోయింగ్". "చదువుతూ ఉండి ఉంటాడు" - "విల్ హ్యావ్ బీన్ స్టడీయింగ్". "చదువుతూ"కి స్టడీయింగ్, "ఉండి"కి బీన్, "ఉంటాడు"లో విల్ హ్యావ్. పరీక్షకి భయపెట్టే ఆ ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్ మన ఇంట్లో రోజూ వినబడే మాటే. "ఈపాటికి చదువుతూ ఉండి ఉంటాడులే" అని వంటింట్లోంచి అమ్మ అంటుంది, ఆ మాట అనడానికి ఆమెకు ఏ పట్టికా అక్కర్లేదు.

పదో తరగతి తెలుగులో సమాపక క్రియ, అసమాపక క్రియ అని చదివారు కదా, అవి ఇక్కడ అక్కరకొస్తాయి. వాక్యాన్ని ముగించగల క్రియ సమాపకం. "వెళ్ళాడు" సమాపకం. వెళ్ళి (క్త్వార్థకం), వెళ్తూ (శత్రర్థకం), వెళ్తే (చేదర్థకం) అసమాపకాలు, వాటంతట అవి వాక్యాన్ని నిలబెట్టలేవు. ఇంగ్లిష్‌లో కాలం మోసే మాట ఆ సమాపకం చేసే పనే చేస్తుంది. వి టూ ఒంటరిగా నిలబడగలదు: "ఐ వెంట్". వి త్రీ, ఐఎన్‌జీ రూపాలు నిలబడలేవు. "ఐ గాన్", "ఐ డన్", "ఐ గోయింగ్" అంటే తెలుగులో "నేను వెళ్ళి", "నేను చేసి", "నేను వెళ్తూ" అని సగంలో ఆపినట్టే. వినేవాడు తర్వాతేమిటని ఎదురు చూస్తాడు. ముందు "హ్యావ్" గానీ "యామ్" గానీ పడితేనే వాక్యం.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. "లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, ఆఫీసుకు వెళ్ళాను" అనే వాక్యంలో మనకు సమాపకం ఒక్కటే, చివరిది. ఇంగ్లిష్‌లో మామూలుగా నాలుగు క్రియలూ వి టూలోనే రావాలి: "ఐ గాట్ అప్, హ్యాడ్ ఎ బాత్, ఏట్ బ్రేక్‌ఫస్ట్ అండ్ వెంట్ టు ఆఫీస్". ఇక్కడ ఒకదానికి ఒకటి సాయం కావు, నాలుగు విడివిడి పనులు, అందుకే ఎవరి బరువు వాళ్ళదే. కథ చెబుతున్నప్పుడు మన పిల్లలు చివరి క్రియ మాత్రమే వి టూలో పెట్టి మిగతావి వట్టిగా వదిలేసేది ఇందుకే.

ఈ మొదటి మాట సంగతి తెలిశాక ప్రశ్నలు కూడా వాటంతటవే దారిన పడతాయి. తెలుగులో ప్రశ్న ఎలా అడుగుతాం? బరువు మోసే చివరి మాటకు "ఆ" తగిలిస్తాం: వచ్చాడా, వెళ్తూ ఉన్నాడా, రాలేదా. ఇంగ్లిష్‌లోనూ బరువు మోసే మాటతోనే ప్రశ్న అడుగుతారు, కాకపోతే తగిలించడం ఉండదు, దాన్ని తీసి ముందుకు జరుపుతారు. "హి ఈజ్ గోయింగ్" - "ఈజ్ హి గోయింగ్?" "షి క్యాన్ డ్రైవ్" - "క్యాన్ షి డ్రైవ్?" "వేర్ యు ఆర్ గోయింగ్?" అని మనవాళ్ళు అనేది ఆ జరపడం మరిచిపోయి. "వేర్ ఆర్ యు గోయింగ్?" అనాలి. మరి "హి వెంట్"లో ఒక్కటే మాట ఉంది, ఏది జరపాలి? అందుకే "డూ" కుటుంబం సాయానికి వస్తుంది. "వెంట్"లోంచి కాలాన్ని విప్పి "డిడ్" నెత్తిన పెడతాం, "గో" వట్టిదవుతుంది: "డిడ్ హి గో?" షి వర్క్స్ - డజ్ షి వర్క్? "స్" కూడా ఎగిరి "డజ్" మీదకు పోయింది చూశారా, అది కూడా బరువులో భాగమే.

"నాట్" ఎక్కడ పెట్టాలి? మొదటి మాట పక్కన. "యస్" అంటే సరిపోని చోట పొట్టి జవాబు ఎలా చెప్పాలి? మొదటి మాటతో: "యస్, ఐ డిడ్", "నో, షి కాంట్". "కదా" ఎలా అనాలి? అదీ మొదటి మాటతోనే: "హి కేమ్, డిడ్ంట్ హి?", "యు ఆర్ ఫ్రమ్ నెల్లూర్, ఆరెంట్ యు?". మనకు ఒక్క "కదా" అన్ని చోట్లా సరిపోతుంది కనుక "ఈజంట్ ఇట్" అన్ని వాక్యాల చివరా అతికిస్తుంటాం.

క్యాన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ - ఈ తొమ్మిదీ పుట్టుకతోనే మొదటి మాటలు. వీటికి "స్" చేరదు, తర్వాత వచ్చేది ఎప్పుడూ వి వన్నే. "హి క్యాన్ డ్రైవ్స్", "ఐ మస్ట్ టు గో" రెండూ తప్పే. ఇంతకంటే వీటి గురించి ఇప్పుడు అక్కర్లేదు.

తర్వాతది మీ నాలుగో వాక్యం: "డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్". దీని కింద ఉన్న తెలుగు "రోజూ అయిదింటికి లేస్తాను". ఇప్పుడు ఇంకొకటి చూడండి: "రేపు అయిదింటికి లేస్తాను". రెండింటిలోనూ "లేస్తాను" ఒకటే. మన క్రియ అలవాటుకూ భవిష్యత్తుకూ ఒకే రూపం వాడుతుంది. ఇంగ్లిష్‌లో అవి రెండు. రేపటికి "విల్ గెట్ అప్", రోజూ అయితే వట్టి "గెట్ అప్". తెలుగు వ్యాకరణంలో దీనికి చక్కని పేరే ఉంది: తద్ధర్మకాలం. స్వభావాన్నీ, అలవాటునీ, ఎప్పుడూ నిజమయ్యేదాన్నీ చెప్పేది. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు", "ఆవు గడ్డి తింటుంది". ఇంగ్లిష్ సింపుల్ ప్రెజెంట్ అంటే సరిగ్గా ఇదే. "ప్రెజెంట్" అన్న పేరు చూసి ఇప్పుడు జరుగుతున్నదనుకుంటారు, అక్కడే చిక్కు. ఇప్పుడు జరుగుతున్నది "యామ్ గెటింగ్ అప్", అలవాటు "గెట్ అప్". నన్నడిగితే మన పుస్తకాల్లో సింపుల్ ప్రెజెంట్‌ని తద్ధర్మకాలం అనే పరిచయం చెయ్యాలి. "వర్తమానం" అనే అనువాదం పిల్లల్ని ఏళ్ళ తరబడి పక్కదారి పట్టించింది.

పరీక్ష సులువు. మీ తెలుగు వాక్యంలో "రోజూ", "మామూలుగా" పెట్టినా అర్థం చెడకపోతే "విల్" వద్దు. "రేపు", "ఇక మీదట" పడితేనే "విల్". "వాన పడితే" లాంటి చోట కూడా "ఇఫ్ ఇట్ రెయిన్స్" చాలు, "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అనక్కర్లేదు. తెలుగు "పడితే"లో భవిష్యత్తు గుర్తు ఏదీ లేదు కదా.

పన్నెండు టెన్స్‌ల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇంగ్లిష్ క్రియ తన రూపం మార్చుకుని చూపే కాలాలు రెండే, వర్తమానం, భూతం. భవిష్యత్తుకు దానికంటూ రూపం లేదు, "విల్" లాంటి మాట సాయంతో గడుపుకుంటుంది. మిగతాదంతా రెండు జతల కూర్పు: "బి"తో ఐఎన్‌జీ, "హ్యావ్"తో వి త్రీ. ఆ రెండు జతలు చేతికొస్తే పన్నెండు గడులూ మీరే కట్టుకోవచ్చు. పట్టిక బట్టీ పట్టినవాళ్ళకు గడి పేరు గుర్తుంటుంది, వాక్యం గుర్తుకు రాదు.

మొదటి వాక్యం "ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్". దీని తెలుగు "నాకు ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉన్నారు". "ఉన్నారు" వినగానే "వెళ్తున్నారు, చేస్తున్నారు"లో ఉండే "ఉన్నారు" గుర్తొచ్చి చెయ్యి ఐఎన్‌జీ వైపు పోతుంది. ఐఎన్‌జీ నడుస్తున్న పనికి. అక్కాచెల్లెళ్ళు ఉండటం నడిచే పని కాదు, ఒక స్థితి. "ఐ హ్యావ్ టూ సిస్టర్స్" చాలు. అదే "ఐ యామ్ హ్యావింగ్ లంచ్" అంటే సరైనదే, ఎందుకంటే అక్కడ "హ్యావ్" అంటే తినడం, అది నడుస్తున్న పని.

దీనికి నేను పిల్లలకు చెప్పే గుర్తు ఒకటుంది. తెలుగులో "నాకు"తో మొదలయ్యే వాక్యాలు చూడండి: నాకు తెలుసు, నాకు ఇష్టం, నాకు కావాలి, నాకు గుర్తుంది, నాకు నమ్మకం ఉంది. ఇంగ్లిష్‌లో ఇవి "ఐ"తో మొదలై, ఎక్కువగా ఐఎన్‌జీ లేకుండా ఉంటాయి: ఐ నో, ఐ లైక్, ఐ వాంట్, ఐ రిమెంబర్, ఐ బిలీవ్. "నాకు ఆకలేస్తోంది" కూడా "ఐ యామ్ హంగ్రీ"యే. నూటికి నూరు పాళ్ళు కుదరదు కానీ, నోట్లోంచి "ఐ యామ్ నోయింగ్", "ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్" వస్తున్నప్పుడు ఒక్క క్షణం ఆపడానికి సరిపోతుంది. మన దేశంలో "ఐ యామ్ హ్యావింగ్" అందరికీ అర్థమవుతుంది, అన్నందుకు సిగ్గుపడాల్సిన పని లేదు. అయినా ఇంటర్వ్యూలో వద్దు.

రెండో వాక్యం, మూడో వాక్యం "హ్యావ్"కి సంబంధించినవి. ఇక్కడ కొంచెం నిదానించాలి, ఎందుకంటే తెలుగు మనకు ఇక్కడ సాయపడదు. "భోంచేశారా?" అని గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని అడుగుతాం. పెళ్ళి నుంచి తిరిగొచ్చిన తమ్ముణ్ణి "పెళ్ళిలో భోంచేశావా?" అని అడుగుతాం. రూపం ఒకటే. అర్థం చూస్తే, మొదటిది నిజానికి ఇప్పటి గురించి: కడుపు నిండి ఉందా, ఇప్పుడు వడ్డించాలా అని. రెండోది అయిపోయిన ఆ పూట గురించి. ఇంగ్లిష్ ఈ రెంటినీ విడదీస్తుంది. చుట్టాన్ని "హ్యావ్ యు ఈటెన్?", తమ్ముణ్ణి "డిడ్ యు ఈట్ ఎట్ ది వెడ్డింగ్?". పని పాతదే అయినా దాని పర్యవసానం ఇప్పుడు చేతిలో ఉంటే "హ్యావ్"తో వి త్రీ. కాలం ముగిసిపోయి, ఎప్పుడో చెబితే వి టూ. అమెరికాలో ఉన్న మనవాళ్ళు మొదటి చోట కూడా "డిడ్ యు ఈట్?" వింటుంటారు, అక్కడి వాడుకలో అది మామూలే. కానీ "యెస్టర్‌డే", "లాస్ట్ ఇయర్", "ఇన్ 2022" లాంటి మాట పక్కన "హ్యావ్ కంప్లీటెడ్" అక్కడా ఒప్పుకోరు, ఇక్కడా ఒప్పుకోరు. 2022 గడిచిపోయింది, దాని తలుపు మూసేశారు. "ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2022." ఏడాది చెప్పకపోతే "ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ" సరైనదే, డిగ్రీ ఇప్పుడు చేతిలో ఉంది కదా.

మూడోది "రెండేళ్ళ నుంచి పనిచేస్తున్నాను". తెలుగు ఇప్పటిమీద నిలబడి చెబుతోంది, ఇంగ్లిష్ అప్పటి నుంచి ఇప్పటి దాకా ఒక గీత గీస్తుంది. మొదలైంది పాతకాలంలో కాబట్టి "హ్యావ్ బీన్", ఇంకా నడుస్తోంది కాబట్టి "వర్కింగ్". "నుంచి"ని చూసి "సిన్స్" పెట్టేయకండి. ఎంతసేపో చెబితే "ఫర్": ఫర్ టూ ఇయర్స్. ఎక్కడ మొదలైందో చెబితే "సిన్స్": సిన్స్ జూన్. మనకు "రెండేళ్ళ నుంచి", "జూన్ నుంచి" రెండూ "నుంచి"యే కావడం వల్ల వచ్చే పొరపాటు ఇది.

పాసివ్ వాయిస్ కూడా అడిగారు, ఒక్క ముక్కలో చెబుతాను. "చార్మినార్ 1591లో నిర్మించబడింది" అని పాఠ్యపుస్తకాల్లో చదువుతాం, ఇంట్లో ఎవరూ అలా అనరు. "చార్మినార్‌ని 1591లో కట్టారు" అంటాం. ఎవరు కట్టారో చెప్పకుండా "కట్టారు", "పిలిచారు", "ఆపేశారు" అంటున్నామంటే అక్కడ ఇంగ్లిష్ పాసివ్ అడుగుతోందన్నమాట: "వాజ్ బిల్ట్", "వాజ్ కాల్డ్", "వాజ్ స్టాప్డ్". "బి"తో వి త్రీ. "బడు" కోసం వెతక్కండి, ఎవరో తెలియని ఆ "రు" కోసం వెతకండి.

మీకు ఒక తేలిక కూడా చెబుతాను. "నీళ్ళు మరుగుతున్నాయి", "నీళ్ళు మరిగిస్తున్నాను" అని మనం రెండు క్రియలు వాడతాం. విరిగింది, విరిచాడు. తెరుచుకుంది, తెరిచాడు. ఇంగ్లిష్‌లో చాలాచోట్ల ఒక్కటే సరిపోతుంది: "ది వాటర్ ఈజ్ బాయిలింగ్", "ఐ యామ్ బాయిలింగ్ వాటర్". బ్రేక్, ఓపెన్, కుక్, మెల్ట్ అన్నీ ఇంతే. కొత్త మాట నేర్చుకోకుండానే రెండు వాక్యాలు చేతికొస్తాయి.

మీ అయిదు వాక్యాలు ఇక ఇలా ఉంటాయి:

ఐ హ్యావ్ టూ సిస్టర్స్.
ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2022.
ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఇన్ ఎ మెడికల్ షాప్ ఫర్ టూ ఇయర్స్.
ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్ ఎవ్రీ డే.
ఐ డిడ్ నాట్ గో టు ఎనీ కోచింగ్ సెంటర్.

వీటిని అద్దం ముందు అప్పజెప్పకండి, ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడగమనండి. మెడికల్ షాప్ మాట వినగానే ఇంటర్వ్యూలో తర్వాతి ప్రశ్న దాని మీదే వస్తుంది. ప్రశ్న మొదలవగానే కాలం మోసే మాట ఏదో పట్టుకోండి, జవాబు దాని వెంటే నడుస్తుంది. "వాట్ డు యు డు దేర్?" అంటే "డు" వినబడింది, వి వన్‌తో చెప్పండి: "ఐ చెక్ ది ప్రిస్క్రిప్షన్స్ అండ్ మెయింటెయిన్ ది స్టాక్". "వాట్ డిడ్ యు లర్న్ దేర్?" అంటే "డిడ్" వినబడింది, వి టూ: "ఐ లర్న్డ్ టు హ్యాండిల్ కస్టమర్స్". "హ్యావ్ యు ఎవర్ యూజ్డ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్?" అంటే "హ్యావ్": "యస్, ఐ హ్యావ్". అక్కడితో ఆగకుండా ఎప్పుడు వాడారో కూడా చెప్పాలనిపిస్తే ఏడాది పేరెత్తగానే వి టూకి మారండి: "ఐ యూజ్డ్ ఇట్ లాస్ట్ ఇయర్".